పిస్తా పాల ముచ్చట

కశ్మీర్‌గడ్డ, కరీంనగర్
జనవరి 30

కిష్టక్కా,

సలాం. నీ మోకాళ్ళ నొప్పి ఎట్లున్నదని అడుగుత గానీ, ముందుగాల నా గోస విను. ఫోన్ చేద్దామంటే నువ్వు సిగ్నల్ కోసం గుట్టెక్కాలె. ఎక్కినా, మా ఇంట్ల ఫోన్ల మాట్లాడితే నాకంటె ముందు మా ఇంటాయన వింటడు. గీ సంగతి ఆయన వినేది కాదు. అందుకే కాగితం పట్టిన.

మా ముసలి బారాత్ గుర్రం సుల్తాన్ పోయినప్పటి సంది ఇంటాయన గులాం నబీ మాట్లాడుడే బంద్ వెట్టిండని నీకు రాసిన గద. పోయిన జూన్ల లేచి, పెండ్లిళ్ళకు ఇంకో తెల్ల గుర్రం కొంటనని షహర్‌కు పోయిండు. పొద్దుమీకి ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. నేను తలుపు తీసి పైకి చూసిన. ఏం కనవడలే. కిందికి చూసిన. నా నడుము దాక కూడ రాని గుర్రం నా కొంగు నములుతున్నది!

"ఇది పిల్లనా?" అన్న.

"కాదు, నాలుగేండ్లది. జాతే గంత. ఫారంహౌస్ ఆయన అమ్ముకుంటుంటె తెచ్చిన," అన్నడు.

"దీని మీద పెండ్లికొడుకును ఎక్కిస్తే ఆయన కాళ్ళతోనే నడవాలె."

గా మాటకు పక్కున నవ్విండు. ఏడాది తర్వాత నవ్విండు, అక్కా. ఇగ నేనేం కొట్లాడుత?

దాని పేరు పిస్తా. పిల్లల పుట్టినరోజులకు తీస్కపోతే ఫొటోలు దిగుతరు. మా మనుమరాలు సుమయ్య ఫోన్ల బుకింగులు చూస్తది. పనంతా మంచిగనే నడుస్తున్నది. సంగతేందంటే, అది వచ్చేటప్పుడే సూడిది. మార్చి రెండు అటీటుగ ఈనుతదని అమ్మినాయన కాగితం మీద రాసిచ్చిండు. పశువుల దవాఖాన డాక్టరమ్మ మంజుల వచ్చి చూసి, ఈనే నెల ముందు సంది పొదుగు దిగుడు షురూ కావాలె అన్నది. మా పిస్తా కడుపు డోలు లెక్కున్నది గానీ పొదుగు మాత్రం ఖాళీ జేబు.

ఇరువై ఏండ్ల కింద మా గుర్రం రాణి ఈనితె చుక్క పాలు రాలేదు, నీకు యాదున్నదా? గప్పుడు మా పక్కింట్లనే ఉన్న నువ్వు దవాఖాన సంది పాలసీస తెచ్చినవు. మూడో రోజు పిల్ల పోయింది. ఆయన దాన్ని ఒళ్ళెకెళ్ళి దించలే. పిస్తా పొదుగు సంగతి ఆయన ముంగట నేను తీస్తలేను, ఆయన నా ముంగట తీస్తలేడు. ఇద్దరం ఎవరికి వాళ్ళం వంగి వంగి చూసి వస్తున్నం.

నువ్వు వేయిమందికి పురుడు పోసిన నర్సమ్మవు. జర చెప్పక్కా, పాలు ఎట్ల వస్తయి?

నీ చెల్లె,
అక్బరీ


జైనూర్
ఫిబ్రవరి 5

అక్బరమ్మా,

నీ ఉత్తరం చదివి పోస్టుమాన్ ముంగటనే నవ్విన. ఆయన ఏమాయె అంటే చెప్పలేకపోయిన. ముప్పై రెండేండ్ల నౌకరీల రెండు కాళ్ళోళ్ళకే పురుడు పోసిన. నాలుగు కాళ్ళ కాన్పు నాకు తెల్వదు. డాక్టరమ్మ చెప్పిందే వేదం అనుకో. అయినా తల్లి తల్లే గనుక నాకు తెలిసింది రాస్తున్న.

అన్నిటికంటె ముందు, పాలు వచ్చినయా లేదా అని పిసికి చూడకు. నీ చేతులు ఊకోవని నాకెరుకే. మొదటి పాలు చిక్కటి ముర్రుపాలు. పుట్టిన బిడ్డకు మొదటి టీకా గవే. నువ్వు చూద్దామని పిండినవనుకో, పిల్ల నోట్లెకెళ్ళి గుంజుకున్నట్టే. రోజూ ఒక్కసారి గోరువెచ్చటి బట్టతోటి పొదుగు మెల్లగ తుడువు. పాలు రావడానికి కాదు, దానికి అలవాటు కావడానికి. తొలిచూరుది, పిల్ల మూతి తగలంగనే చక్కిలిగిలికి తన్నుతది. మనుషుల్ల తన్నరు గానీ మొగుణ్ణి తిడుతరు.

ఎండ పొద్దున జర నడిపించు. నీళ్ళు ఎప్పుడూ ఉండాలె. ప్రేమ ఎక్కువై లావు చేయకు, పస్తూ పెట్టకు.

ఇగ అసలు మాట. అది ఏమేమి తింటున్నదో, పొద్దుగాల సంది మాపటి దాక, ఒక్కటి ఇడువకుండ రాయి. పాలు రాలేదన్న ప్రతి ఆడిదాన్ని నేను మొదట అడిగేది గిదే. ఎవరు ఏం పెడుతున్నరో అన్నీ రాయి.

మా ఊరి గంగుబాయి అడవిల తవ్విన పిల్లిపీచర గడ్డలు బస్సుల పంపుతున్న. మా దిక్కు బాలింతలకు పాలలో వేసి ఇస్తం. డాక్టరమ్మను అడిగి పెట్టు, అడగకుండ పెట్టకు.

అన్నట్టు, దీపావళి తర్వాత పంపిన జొన్నలు ఎట్లున్నయ్? ఈయేడు మా చేన్ల పండినదాంట్ల మేలైన బస్తా ఏరి నీకే పంపిన. రొట్టెలు మెత్తగ వస్తున్నయా?

కిష్టవ్వ


కశ్మీర్‌గడ్డ, కరీంనగర్
ఫిబ్రవరి 10

కిష్టక్కా,

నీ జొన్న రొట్టెలా? వెన్న లెక్క! ఎల్లిపాయ కారం వెట్టుకొని రోజూ తింటున్నం. సుమయ్య రెండు, నేను రెండు, ఆయన మూడు. నీ చెయ్యి పడ్డ ధాన్యం రుచే వేరు.

పిస్తా సంగతి. నువ్వు చెప్పినట్టు పొద్దున వేడి బట్ట పెడుతున్న. మొదటి రోజు నన్ను తన్నింది. చిన్న కాలే గనుక చిన్న దెబ్బే తాకింది. ఇప్పుడు నేను బట్ట పట్టుకొని రాంగనే కండ్లు మూసుకొని నిలవడుతది, హమామ్‌ల కూసున్న నవాబు బేగం లెక్క.

పిల్లిపీచర గడ్డకు డాక్టరమ్మ "జర పెడితే నష్టం లేదు, నమ్ముకోకండి" అన్నది. దంచి పెడితే పిస్తా మూతి తిప్పుకున్నది. "భయపడుతున్నది, ఎట్ల తాగాలో చూపియ్యాలె" అని గులాం నబీ పాలల కలిపి దాని ముంగటనే గ్లాసెడు తాగిండు. అది ఆయన్ను చూసి పక్కకు మళ్ళింది. మూడు రోజులు చూపిచ్చిండు. ఆయనకైతే రాలేదు పాలు, దానికీ రాలే.

నువ్వు తిండి సంగతేదో అడిగినట్టున్నవు. ఏం చేయాలె, చదువుకుంట దొడ్లె కూసుంటె పిస్తా వెనకకెళ్ళి వచ్చి నీ ఉత్తరం సగం నమిలి మింగింది. అందుకే ఏమడిగినవో మంచిగ అర్థం కాలే. ఎండుగడ్డి, పచ్చగడ్డి, నానవెట్టిన శనగలు పిడికెడు. ఆయన లెక్క ప్రకారమే పెడుతడు. నన్ను ఏమీ పెట్టనియ్యడు, "నువ్వు పెడితే గుండ్రంగ అయితది" అంటడు.

పొదుగు గట్లనే ఉన్నది. నిన్న ఆయన దాని పక్కన కూసొని పేపర్ చదివి వినిపిస్తుండు. వింటున్నదట.

అక్బరీ


జైనూర్
ఫిబ్రవరి 14

అక్బరమ్మా,

నా ఉత్తరం సగం గుర్రం తిన్నది సరే. జొన్నల సంగతి రాసింది ఆఖర్ల, ఏమేమి తింటున్నదని అడిగింది దానికి మీద. మీదిది మింగి కింది దాన్ని ఇడిచిపెట్టే గుర్రమైతే, దాన్ని సర్కస్‌కు ఇయ్యి.

ముప్పై రెండేండ్లు అబద్ధాలు విన్న దాన్ని. "ఏం తినలేదు సిస్టర్" అన్న పిల్ల వేళ్ళకు పచ్చడి నూనె ఉండేది. "రోజూ గోలీలు మింగుతున్న" అన్న దాని గోలీలు తలగడ కింద దొరికేవి. ఎవ్వర్నీ కొట్టలే. మళ్ళ అడిగేది, అంతే. నిన్ను కూడ మళ్ళ అడుగుతున్న, ఈసారి అట్ట మీద రాసి పంపుతున్న, నమిలినా అరగది: ఆ గుర్రానికి ఎవ్వరికి చెప్పకుండ నువ్వు ఏం పెడుతున్నవు?

సిగ్గుపడకు. పిల్ల ప్రాణం సంగతి.

కిష్టవ్వ


కశ్మీర్‌గడ్డ, కరీంనగర్
ఫిబ్రవరి 19

అక్కా,

ఇయ్యాళ రంజాన్ మొదటి రోజా. రోజా పట్టుకొని అబద్ధం రాయొద్దు గనుక నిజం రాస్తున్న.

నీ జొన్నలు మేం తినలే. పోయినేడు నా కింది పండ్లు రెండు పోయినయ్, జొన్న రొట్టె నమలలేను. సుమయ్యకు చపాతీలే కావాలె. ఆయనకు అన్నం లేకుంటె అన్నం తిన్నట్టే ఉండదు. నువ్వు గంత దూరం సంది ప్రేమతోటి పంపితే వద్దని ఎట్ల రాయాలె? పోయినేడు వాడకట్టోళ్ళకు పంచిన. ఈయేడు బస్తా దొడ్లెనే పెట్టిన. డిసెంబర్ల ఒకనాడు పొద్దున పిస్తాకు గుప్పెడు ఇచ్చిన. అది నా చెయ్యి నాకింది. ఇగ రోజూ నమాజ్ అయినంక ఆయన లేవకముందే దోసెడు పెడుతున్న. ఆయన వద్దన్నడు గనుక చాటుంగ.

నిన్న డాక్టరమ్మ మంజుల వచ్చి పొదుగు చూసి మొఖం చిన్నగ చేసుకున్నది. దాణా పెట్టే గాబుల చెయ్యి వెట్టి మూలలు గీకింది. నాలుగు నల్లటి గింజలు వచ్చినయ్, సన్నగ, వంకరగ, మేక కొమ్ము లెక్క.

"ఇవి బంకకారు తెగులు పట్టిన జొన్నల నుంచి వస్తయి," అన్నది. "కంకి పూతకొచ్చినప్పుడు వానపడితే బంక కారుతది, తర్వాత గిట్ల నల్లవడ్తది. ఇది తింటే పాలు రమ్మని ఒంట్లెకెళ్ళి వచ్చే కబురే ఆగిపోతది. దీనికి జొన్నలు ఎవరు పెడుతున్నరు?"

ఆయన పైకప్పు దిక్కు చూసిండు. నేను చెయ్యెత్తిన, బడిల పిల్లలెక్క.

బస్తా ఆ గంటనే పాతిపెట్టిచ్చింది. మనుషులకు వాంతులైతే ఇచ్చే గోలీ ఒకటి ఉన్నదట, దాంతోటి పాలు కూడ వస్తయట. పిస్తా బరువు చూసి లెక్కగట్టి రోజుకు ఎన్నో ఆమెనే రాసిచ్చింది. మన సొంత తెలివి వద్దన్నది. పిల్ల పుట్టుడు ఆలస్యమైతది కావచ్చు, మాయ దొడ్డుగుంటది కావచ్చు, పక్కన మనిషి ఉండాలె అన్నది. పాలు రాకపోతే ఎట్ల అంటే, జగిత్యాల దిక్కు ఈనిన గుర్రం ఏదన్న ఉన్నదా ముర్రుపాలకు వెతుకుతనన్నది.

ఆయన నన్ను ఒక్క మాట అనలే. అంటే బాగుండు. రాణి పిల్లనే యాదికొస్తున్నది. నేనే చేసిన అక్కా, ప్రేమతోటి చేసిన.

అక్బరీ


జైనూర్
ఫిబ్రవరి 23

అక్బరీ,

సుమయ్య రెండు, నువ్వు రెండు, ఆయన మూడు! ఎల్లిపాయ కారం! ఏడు రొట్టెలు లెక్కవెట్టి మరీ అబద్ధం రాసినవు! నేను ఆ ఉత్తరం మా తమ్ముని భార్య వినోదకు చదివి వినిపించిన, "చూడు, కరీంనగర్ల నా జొన్నలకు ఎంత ఇజ్జత్ ఉన్నదో" అని.

గిక్కడి దాక కోపంల రాసి, కలం పక్కకు వెట్టి చాయ తాగి వచ్చిన. ఇప్పుడు నా వంతు.

మేలైన బస్తా నీకు పంపలే. మాకు రెండు బస్తాలు అయినయ్. ఎగువ మడిది మంచిది, మా తమ్ముని ఇంటికి ఉంచిన. కింది మడిల పూత టైముకు ముసురు పట్టింది. కంకులు కోస్తుంటె వేళ్ళు ఒకదానికొకటి అంటుకున్నయ్. తేనె లెక్క బంక. "వానకు గట్లనే అయితది" అనుకొని జల్లెడ పట్టిన. అద్దాలు వెట్టుకోకుండ పట్టిన. గా బస్తానే నీకు వచ్చింది. దూరమున్నోళ్ళకు తెల్వదులే అనుకున్ననో ఏమో, నిజంగ ఏమనుకున్ననో ఇప్పుడు నాకే చెప్పరాదు.

డాక్టరమ్మ మాట నీ ఉత్తరంల చదివినంక ఒక్కటే ఆలోచన. నువ్వు నిజంగ రొట్టెలు చేసి పెట్టి ఉంటే? నీ అబద్ధం మీ ముగ్గుర్ని కాపాడింది అక్బరీ. గిది ఎవ్వరికీ నీతికథ లెక్క చెప్పకు, పిల్లలు పాడైతరు.

కింది మడి జొన్నలు ఎవరెవరికి ఇచ్చిననో ఇల్లిల్లు తిరిగి వెనకకు తెచ్చి పాతిపెట్టిచ్చిన. ముప్పై రెండేండ్లు "ఏం తిన్నవమ్మా" అని అడిగినదాన్ని, నేనేం పెడుతున్ననో చూసుకోలే. తప్పు నీది దోసెడు, నాది బస్తా.

నబీ భాయ్‌కి నా పేరే చెప్పు. దాసకు.

కిష్టవ్వ


కశ్మీర్‌గడ్డ, కరీంనగర్
మార్చి 3

కిష్టక్కా,

చెప్పిన. నీ ఉత్తరం మొత్తం ఆయనకు చదివి వినిపించిన. అంతా విని గొంతు సవరించుకున్నడు.

"దోసెడు నువ్వు పెట్టినవా?" అన్నడు.

"దోసెడే."

"మరి బస్తా గంత తొందరగ ఎట్ల దిగింది?"

"ఎలుకలు అనుకున్న."

"ఎలుక నేనే," అన్నడు. "నువ్వు వంటల ఉన్నప్పుడు సాయంత్రం నేను దోసెడు పెడుతున్న. నీకు వద్దని చెప్పి నేనెట్ల పెడుతనని చెప్పలే."

నలభై ఏండ్ల సంసారం అక్కా! డాక్టరమ్మ అడిగిన రోజు పైకప్పు దిక్కు ఎందుకు చూసిండో ఇప్పుడు తెలిసింది. నేను గిన్ని రోజుల సంది ఏడ్చుకుంట తిరుగుతుంటె, ఈయన ఎలుక అయి ఊకున్నడు! చెంబెడు నీళ్ళు మీద పోసిన. రోజాల ఉన్నడని ఒంటి మీదనే పోసిన, నోట్ల పడకుండ. పోస్తుంటె నవ్విండు. నాకు కూడ ఆగలే.

ఇగ విను, మంచి మాట. గోలీలు షురూ చేసిన ఎనిమిదో రోజు పొద్దున వేడి బట్ట పెడితే చేతికి ఏదో తగిలింది. జేబుల నిమ్మకాయ వేసినట్టు. మొన్న నారింజ. ఇయ్యాళ రెండు పక్కల నిండుగ ఉన్నది. నేను పిసకలే! ఆయన్ను పిసకనియ్యలే! డాక్టరమ్మకు సుమయ్య ఫొటో పంపితే, "బాగుంది, కానీ పాల రంగు చూసినప్పుడే నమ్ముత" అన్నది.

నిన్ననే రెండో తారీఖు. పిస్తా ఈనలే. గడ్డి తిని, మాకు వెనకకు తిరిగి నిలవడ్డది. ఆయన దొడ్లె నులక మంచం వేసుకున్నడు. దాని మొఖంల మొఖం పెట్టి చూస్తుండు. అది కూడ ఆయన్నే చూస్తున్నది.

అక్బరీ


జైనూర్
మార్చి 6

అక్బరమ్మా,

కార్డు ముక్కనే రాస్తున్న, పోస్టుమాన్ తలుపు దగ్గర నిలవడ్డడు.

ఆయన్ను గా మంచం తీసెయ్యమను. చుట్టు మంది ఉంటే కాన్పు కాదు. నేను వరండాలెకెళ్ళి అత్తల్ని, మొగుళ్ళని బయటకు తోలంగనే పుట్టిన పిల్లలు ఎంతమందో. దూరంగ కూసొని చెవి మాత్రం ఇటు పెట్టమను. నువ్వు కూడ.

పుట్టంగనే ముక్కు మీద పొర ఉంటే చీల్చు. తర్వాత చేతులు కట్టుకో. నిలవడేదాక లేపకు. రెండు గంటల్ల మూతికి పాలు అందాలె. అందకపోతే డాక్టరమ్మ.

మంచి కబురు రాయి. చెడ్డ కబురైనా నువ్వే రాయి.

కిష్టవ్వ


కశ్మీర్‌గడ్డ, కరీంనగర్
మార్చి 10

అక్కా,

రాత్రంతా పండుకోలే, అక్షరాలు చూసి నవ్వకు.

నిన్న మధ్యాహ్నం నీ కార్డు వచ్చింది. ఆయనకు చదివి వినిపిస్తే మొఖం మాడ్చుకున్నడు. "నేను లేకుంటె అది భయపడుతది" అన్నడు. నేను మంచం ఎత్తి గోడకు నిలవెట్టిన. సాయంత్రం అసర్ నమాజుకు మసీదుకు పో అన్న. వెనకకు చూసుకుంట చూసుకుంట పోయిండు.

గల్లీ మలుపు తిరిగిండో లేదో, పిస్తా పండుకున్నది.

సుమయ్య డాక్టరమ్మకు ఫోన్ చేసింది. నేను నువ్వు చెప్పినట్టే దూరంగ కూసున్న. పొర లోపట్నే ముందటి కాళ్ళు ఒకదాని వెనక ఒకటి కనవడ్డయ్. తర్వాత ఆగింది. మాయ దొడ్డుగ ఉన్నది, చినుగుతలేదు. డాక్టరమ్మ ఫోన్ల "చేతితోటి చీల్చండి, భయపడకండి, పిస్తా నొప్పులు పట్టినప్పుడే మెల్లగ కిందికి గుంజండి" అన్నది. చీల్చిన. గుంజిన. అక్కా, బయటకు వచ్చేటప్పుడు అది పిల్లలెక్క లేదు, తడిసిన తువ్వాల లెక్క ఉన్నది. ముక్కు మీద పొర తీసిన. కదలలే. నేను ఏం చదువుతున్ననో నాకే తెల్వదు, సూరాలు, నీ పేరు, డాక్టరమ్మ పేరు, అన్నీ కలిపి చదివిన. తుమ్మింది. గంతే, తుమ్మింది.

ఆయన వచ్చేసరికి అది గడ్డి మీద తల ఊపుకుంట కూసున్నది. ఆడపిల్ల. బొగ్గు రంగు, నుదుట తెల్ల చుక్క. మా ఇంటి పిల్లి కంటె రెండింతలుంటది. ఆయన చెప్పులు కూడ ఇడువకుండ అక్కడనే కూలవడ్డడు.

ఇగ నిలవడుడు. ఒకసారి లేచి ముంగటికి పడ్డది. ఇంకోసారి లేచి ఎనుకకు పడ్డది. నాలుగోసారి నాలుగు కాళ్ళు నాలుగు దిక్కులకు వెట్టి నిలవడ్డది. పాల కోసం వెతుకుడు షురూ చేసింది, తల్లి మోకాలి దగ్గర, గోడ దగ్గర, ఆయన గడ్డం కింద. గడ్డం గట్టిగ జుర్రింది. ఆయన కదలలే. సుమయ్య మెల్లగ తోసి పొదుగు దిక్కు తిప్పింది. మూతి తగలంగనే పిస్తా కీచుమని అరిచి జరిగింది. మళ్ళ తిప్పినం, మళ్ళ జరిగింది. గంట దాటింది. డాక్టరమ్మ అప్పటికే వచ్చి పాలసీసకు గొట్టం సదురుకుంటున్నది.

గప్పుడు ఆయన లేచి పిస్తా మెడ పట్టుకున్నడు. నేను వేడి బట్ట తెచ్చి, రోజూ చేసినట్టే పొదుగు మెల్లగ తుడిచిన. అది రోజూ లెక్కనే కండ్లు మూసుకున్నది. బట్ట తీసి గక్కడనే పిల్ల మూతి పెట్టిన.

మొదట చప్పుడు రాలే. తర్వాత గుటుక్కుమన్నది. ఇంకోటి. పిల్ల మూతి అంచుకు చిక్కగ పసుపు రంగు నురుగు కారింది. డాక్టరమ్మ వంగి వేలితోటి అద్దుకొని చూసి, "ముర్రుపాలు" అన్నది.

గప్పుడే సైరన్ మోగింది. ఇఫ్తార్, రోజా ఇడిచే యాళ. పళ్ళెంల ఖజూర్ పండ్లు పెట్టి ఉన్నయ్, షర్బత్ కలిపి ఉన్నది. ఎవ్వరం లేవలే. పొద్దుగాల సంది చుక్క నీళ్ళు తాగని ముగ్గురం, అది గుటకలు వేసుడు లెక్కవెట్టుకుంట నిలవడ్డం. పక్కింటి నుంచి "రోజా ఇడిచిండ్రా?" అని కేక వచ్చింది.

ఆయన పిస్తా మెడ ఇడువకుండనే జవాబిచ్చిండు: "చిన్నదాన్ని తాగనియ్యుండ్రి. మేం దాని తర్వాత."

అక్బరీ